ఫైలు పేరు దగ్గర కంపైలర్లకు నా మార్కులు

విశాఖలో మధురవాడ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రోగ్రామింగ్ ల్యాబు చూసుకుంటాను. మనం రాసిన ప్రోగ్రామును కంప్యూటరు నడిపే రూపంలోకి మార్చేవి కంపైలర్లు. వాటి వేగం సంగతి వేరేవాళ్లు రాస్తారు. ఫైలు పేరు దగ్గర అవి ఎలా ప్రవర్తిస్తాయన్నదే నాకు ముఖ్యం, ల్యాబులో పిల్లల సమయం ఎక్కువగా పోయేది అక్కడే.

సి, సి ప్లస్ ప్లస్ భాషలకు వాడే జీసీసీకి పదికి ఆరు. పేరు మన ఇష్టం, కానీ చుక్క తర్వాత ఏముందో చూసి భాష ఏదో తనే తేల్చుకుంటుంది. చిన్న అక్షరం సి ఉంటే సి భాష, పెద్ద అక్షరం సి ఉంటే సి ప్లస్ ప్లస్! గాజువాక నుంచి వచ్చే పిల్లలు కొందరు ఇంట్లో ఇంకా టర్బో సి అనే పాత కంపైలర్ వాడతారు. అది విండోస్‌కు ముందటి డాస్ కాలం నాటిది, ఫైలు పేరంతా పెద్ద అక్షరాల్లోనే పెడుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి మా ల్యాబులోని ఉబుంటు లినక్స్‌లో జీసీసీతో నడిపితే, మెమరీలో చోటు అడిగే మాలాక్ ఫంక్షన్ ఉన్న వరుస దగ్గర ఎర్రర్ వస్తుంది. మాలాక్ ఇచ్చే వాయిడ్ పాయింటర్‌ను, అంటే ఏ రకం డేటాకో చెప్పని చిరునామాను, సి భాష నేరుగా తీసుకుంటుంది, సి ప్లస్ ప్లస్ తీసుకోదు. "మేడమ్, రాత్రి ఇంట్లో నడిచిందండీ" అంటారు. నిజమే, నడిచే ఉంటుంది. ప్రోగ్రాములో తప్పేమీ లేదు, పేరు చివర అక్షరం చిన్నది చేస్తే చాలు. ఈ ఫైలును సి ప్లస్ ప్లస్‌గా చదువుతున్నానని జీసీసీ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఎనిమిది వేసేదాన్ని.

జావా కంపైలర్‌కు తొమ్మిది. ఆధార్‌లో పేరూ పాస్‌బుక్కులో పేరూ ఒకటే ఉండాలనే బ్యాంకు కౌంటరు లాంటిది. ప్రోగ్రాములో పబ్లిక్ అని ప్రకటించిన క్లాసు పేరు, ఫైలు పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే ఫైలుకు ఏ పేరు ఉండాలో ఎర్రర్‌లోనే రాసి ఇస్తుంది. 2018లో వచ్చిన జావా 11 నుంచి ఒంటరి ఫైలును విడిగా కంపైల్ చేయకుండా నేరుగా నడపవచ్చు, అప్పుడు ఈ నియమం వర్తించదు. పిల్లలు దానికి అలవాటుపడి పరీక్షలో తడబడతారు. అందుకే ఒకటి కోశాను.

గో భాషకు ఐదు. యూనిట్ టెస్టు మార్కుల లెక్క కదా అని ఒకబ్బాయి ఫైలు పేరు చివర అండర్‌స్కోర్ టెస్ట్ అని పెట్టాడు. ఆ పేరున్న ఫైళ్లను పరీక్షలు నడిపేటప్పుడు తప్ప గో పట్టించుకోదు. అందులోని ఫంక్షన్లు అసలు లేవనేసింది.

ఫోర్‌ట్రాన్ భాష కంపైలర్ జీఫోర్‌ట్రాన్‌కు మూడే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రంలో పరిశోధన చేసే ఒకరు సాయం కోసం వచ్చారు. ఫైలు చివర డాట్ ఎఫ్ అని ఉంటే అది పంచ్ కార్డుల నాటి పద్ధతి: వరుసలో 72వ గడి (అక్షరం చోటు) దాటి రాసినదాన్ని కంపైలర్ చదవదు. డాట్ ఎఫ్90 అంటే ఆ కట్టడి లేదు. ఆయన సూత్రంలో చివరి పదం గడి దాటింది, మిగిలినది కూడా సరైన వాక్యమే కావడంతో ఎర్రర్ రాలేదు, వాన లెక్క మాత్రం మారిపోయింది. హెచ్చరికలు కావాలని మనమే అడిగితే తప్ప ఇది నోరు మెదపదు.