టి.నగర్ పట్టుచీరల షాపు: చీరలు బాగున్నాయి, స్టూళ్ల మీద అట్టపెట్టెలున్నాయి

మా చెల్లెలి పెళ్లి బట్టలకి అమ్మ, పిన్ని, చెల్లెలు, నేను నెల్లూరులో పొద్దున్నే రైలెక్కి చెన్నై వెళ్లాం. వెంకటగిరి దగ్గర్లోనే ఉన్నా మా వైపు వాళ్లకి పెళ్లంటే టి.నగర్ వెళ్లి రావాల్సిందే. షాపు పేరు మాత్రం రాయను, రాస్తే ముందు మాట పడేది మాకు చీరలు చూపించిన అమ్మాయే.

ముందు చీరల సంగతి. కంచి పట్టులో రంగులు బోలెడున్నాయి, అరిటాకు పచ్చకి కుంకుమరంగు అంచున్న తలంబ్రాల చీర 18,500కి వచ్చింది, సిల్క్ మార్క్ ట్యాగ్ ఉంది, పక్కా బిల్లు ఇచ్చారు. పెట్టుబడి చీరలకైతే కింది అంతస్తు చాలు, పైకి ఎక్కక్కర్లేదు. ఆషాఢం డిస్కౌంట్ల టైమ్‌లో ఆదివారం మాత్రం వెళ్లకండి. బిల్లింగ్ దగ్గర మమ్మల్ని ముప్పావుగంట నిలబెట్టారు. ఆ ముప్పావుగంటకే నా కాళ్లు లాగేశాయి, మిగతాదంతా అందుకే రాస్తున్నాను.

రెండో అంతస్తులో ఆ అమ్మాయికి ఇరవై, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. తిరుత్తణి వైపు, ఇంట్లో తెలుగే మాట్లాడతారట. అమ్మకి మోకాళ్ల నొప్పులని అనగానే పరుగున వెళ్లి కుర్చీ తెచ్చింది, కూల్ డ్రింక్ తెప్పించింది. రెండున్నర గంటలు మేం నలుగురం కూర్చునే ఉన్నాం, ఒక అరవై చీరలు విప్పించి ఉంటాం, ఆ పిల్ల నిలబడే ఉంది. పర్సు కింద పడితే తీసుకుందామని వంగాను, కౌంటర్ పక్క సందులోంచి ఆమె కాళ్లు కనబడ్డాయి. ఒక చెప్పు విడిచేసి ఆ పాదాన్ని రెండో పాదం మీద ఆనించుకుని నిలబడింది. మడమల పైన వాపు, పట్టీ ఒత్తుకుపోయి ఎర్రగా గీత పడింది. ఆ పక్కనే స్టూల్ ఉంది, దాని మీద మూడు అట్టపెట్టెలు.

"కాసేపు కూర్చోమ్మా" అన్నాను.

"కస్టమర్ ఉన్నప్పుడు కూర్చోకూడదక్కా."

"మరి లేనప్పుడు?"

"లేనప్పుడు మడతలు పెట్టాలి కదక్కా" అంది, స్తంభం దగ్గరున్న సూపర్‌వైజర్ వైపు ఒకసారి చూసి.

తమిళనాడులో దీనికి చట్టమే ఉంది. 2021లో షాపుల చట్టానికి 22-ఎ అని ఒక సెక్షన్ కలిపారు. పనిచేసే వాళ్లందరికీ కూర్చునే ఏర్పాటు ఉండాలి, పని మధ్యలో వీలు దొరికినప్పుడు కూర్చోనివ్వాలి, పని గంటలన్నీ కాళ్ల మీదే గడిచిపోకూడదు అని అందులో ఉంది. కేరళ అంతకుముందే 2018లో తెచ్చింది. అది ఊరికే వచ్చింది కాదు, కోళికోడ్ మిఠాయి వీధి షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు, బాత్రూమ్‌కి వెళ్లే వీల్లేక నీళ్లు తాగడం మానుకున్న వాళ్లు, పి.విజి అనే టైలర్ ముందు నిలబడితే ఆమెతో కలిసి ఏళ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్నారు. ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసే వాళ్లకి కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 చట్టంలోనే, 44వ సెక్షన్‌లో రాశారు. అదే మాట కేరళ షాపుల దాకా రావడానికి 70 ఏళ్లు పట్టింది.

కేంద్రంలో కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2019లో వ్యాపారాలు బాధ్యతగా ఎలా నడవాలో మార్గదర్శకాలు ఇచ్చింది. తొమ్మిది సూత్రాలు, మూడోది ఉద్యోగుల బాగోగుల గురించి, అయిదోది మానవ హక్కుల్ని గౌరవించడం గురించి. మంచి మాటలే, నేను కాదనను, కానీ పాటించాలా వద్దా అన్నది వ్యాపారి ఇష్టం. వీటి ఆధారంగా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఏటా తప్పనిసరిగా రిపోర్టు అడిగేది స్టాక్ మార్కెట్‌లో ఉన్న టాప్ 1000 కంపెనీలనే. మార్కెట్‌లో లేని కుటుంబ వ్యాపారం ఎన్ని అంతస్తులు కట్టినా, ఎన్ని కోట్లు అమ్మినా ఆ లెక్కలోకి రాదు. ఇక ఆ అమ్మాయికి దిక్కు ఆ 22-ఎ సెక్షన్ లాంటి చట్టమే. షాపువాళ్లు స్టూల్ కొని అక్కడ పడేశారు, దాని మీద కూర్చునే వీలు మాత్రం ఇవ్వలేదు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

సూపర్‌వైజర్‌ని పిలిచి అడిగాను. చెడ్డవాడేం కాదు, "సేల్ టైమ్ మేడమ్, స్టాక్ పెట్టడానికి చోటు లేదు" అంటూనే ఆ మూడు పెట్టెలూ తీయించాడు. ఆ అమ్మాయి మా స్లిప్పు కూర్చునే రాసింది, అయిదు నిమిషాలు పట్టి ఉంటుంది. చుట్టూ చూస్తే మిగతా కౌంటర్లలో స్టూళ్ల మీద పెట్టెలు అలాగే ఉన్నాయి.

ఆ తర్వాత మాంబళం స్టేషన్‌కి వెళ్లే దారిలో ఫాల్స్, లైనింగ్ గుడ్డల కోసం ఒక చిన్న షాపులోకి వెళ్లాం. అక్కడ ఇద్దరు ఆడవాళ్లు కౌంటర్ ఎత్తుకి సరిపోయే స్టూళ్ల మీద కూర్చుని ఉన్నారు. రంగు కలిపి చూపించడం, బిల్లు రాయడం అన్నీ కూర్చునే చేశారు, పై అరలోంచి తీయాల్సి వచ్చినప్పుడే లేచారు. మాకు ఏ పనీ ఆలస్యం కాలేదు.

చీరలకి నాలుగు స్టార్లు, షాపుకి మొత్తం మీద రెండు. మాఘంలో పిన్ని కొడుకు పెళ్లికి మళ్లీ రావాలి. ఈసారి చీర చూడకముందే రెండో అంతస్తులో కౌంటర్ల వెనక్కి చూస్తాను, పెట్టెలు లేకపోతే ఆ రోజే స్టార్లు మారుస్తాను.