చీజ్ వేసిన ఆలూ చకటా: ఓటీజీలోనా, కుక్కర్‌లోనా, పెనం మీదా?

మొదటిసారి చేసిన రోజు మా అత్తగారు గిన్నెలోకి వంగి చూసి, "ఇదేటమ్మా, ఆలూ చకటాకి జున్ను ముసుగేసినావు?" అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. ఒడిశాలోని మా పర్లాకిమిడి తెలుగువాళ్లకి ఉడికించి నలిపిన బంగాళాదుంప అంటే ఆలూ చకటాయే. ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి చేత్తో నలిపి, పఖాళ (నీళ్లు పోసి నానబెట్టిన చద్దన్నం) పక్కన పెట్టుకుని తింటాం. మా అమ్మాయి అడిగింది దానికి దూరపు చుట్టం. దుంప ముద్దలో పాలూ వెన్నా కలపాలి, చీజ్ వేయాలి, అది ఎర్రగా కాలాలి. పేరు క్యాసరోల్. మన ఇళ్లల్లో క్యాసరోల్ అంటే చపాతీలు చల్లారకుండా పెట్టుకునే డబ్బా కదా. అసలు ఆ మాటకి అర్థం వంట గిన్నె. గిన్నె పేరే వంటకానికి వచ్చేసింది.

అమ్మాయి సెలవులకి వచ్చిన ప్రతిసారీ అడుగుతుంది కాబట్టి మూడు రకాలుగానూ చేసి చూశాను.

ఓటీజీ, అంటే కరెంటుతో నడిచే చిన్న ఓవెన్, మా ఆడపడుచు ఇంట్లో ఉంది. దానితో పేచీ లేదు. 200 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ముందే వేడెక్కించి, గిన్నె పెట్టి 20 నిమిషాలు ఆగి, చివరి 5 నిమిషాలు పై రాడ్ ఒక్కటే ఉంచితే చీజ్ బుడగలు కట్టి అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడుతుంది. అంచుల దగ్గర కాస్త కరకరలాడుతుంది కూడా. 1500 వాట్ల ఓటీజీ అయినా ఇంతసేపటికి ఒక యూనిట్ కరెంటు దాటదు, కాబట్టి బిల్లు గురించి టెన్షన్ పడక్కర్లేదు. మాకు టెన్షన్ వేరే. వేసవి సాయంత్రం గాలివాన పట్టుకుందంటే కరెంటు పోతుంది, దుంప సగం వేడిలో కూర్చుంటుంది. ఒకసారి అలాగే అయింది. ఎనిమిది మందికి చేసిన గిన్నెని చివరికి స్పూన్లతో ముద్దలా తినేశాం.

కుక్కర్ మీద నాకు మొదట్లో చాలా నమ్మకం. మా వీధిలో ఛెనాపోడా (ఛెనా, అంటే విరిగిన పాల ముద్దలో చక్కెర కలిపి కాల్చే ఒడియా మిఠాయి) కుక్కర్‌లోనే కాలుస్తారు. గ్యాస్కెట్, విజిల్ తీసేసి, నీళ్లు పోయకుండా అడుగున ఉప్పు పరిచి, స్టాండు మీద గిన్నె పెడతారు. దానికి పనికొచ్చింది దీనికెందుకు పనికిరాదు అనుకున్నాను. పాత అల్యూమినియం కుక్కర్ తీసి (కొత్తది వద్దు, ఉత్త వేడికి పాడవుతుంది) సన్నటి మంట మీద 35 నిమిషాలు ఉంచాను. మూత తీస్తే చీజ్ కరిగింది గానీ తెల్లగా పాలిపోయి, పైన నీటి చుక్కలతో చెమట పట్టినట్టు ఉంది. మూతకి తగిలిన ఆవిరి మళ్లీ దాని మీదే కారింది. ఇంకో పావుగంట ఉంచితే అడుగు మాడింది, పైన రంగు మాత్రం రాలేదు.

పక్కింటి మావుసీకి చూపిస్తే నవ్వారు. "ఛెనాపోడాకి ఎరుపు అడుగు నుంచి కదమ్మా వస్తుంది, అందుకే కదా బోర్లించి కోస్తాం. నువ్వు చీజ్ పైన వేసి కింద మంట పెడితే ఎలా?" అన్నారు. చక్కెర గిన్నె అడుగున కరిగి ఎర్రబడుతుంది, తిరగేస్తే అదే పైభాగం అవుతుంది. ఇన్నేళ్లుగా తింటున్నాను, ఆ సంగతి నాకు తట్టలేదు. ఓటీజీలో వేడి పైనుంచి కూడా వస్తుంది కాబట్టి చీజ్ పైన ఉంటుంది. గ్యాస్ పొయ్యికి వేడి కిందే, కాబట్టి చీజ్ కిందే ఉండాలి.

అప్పటినుంచి పెనమే. పెనం అంటే దోసె పెనం కాదు, అంచులున్న మందపాటి నాన్‌స్టిక్ మూకుడు. అడుగున వెన్న రాసి, తురిమిన చీజ్ సమంగా పరిచి, దాని మీద దుంప ముద్దని మూడు వేళ్ల మందం మించకుండా సర్ది, సన్నటి మంట మీద 12 నుంచి 15 నిమిషాలు. మూత కొంచెం వారగా పెట్టాలి, లేకపోతే మళ్లీ ఆవిరి గోల. అంచుల దగ్గర చీజ్ ఎర్రబడి పెనాన్ని వదిలినట్టు కనిపిస్తే దించి, 5 నిమిషాలు ఆగి, పళ్లెం మూసి తిరగెయ్యాలి. ఆగకుండా తిరగేస్తే సగం పెనంలో ఉండిపోతుంది, నాకు రెండుసార్లు ఉండిపోయింది. బాగా వచ్చిన రోజు ఆ పొర ఓటీజీ వాటికంటే కరకరగా ఉంటుంది. నలుగురికి ఇది చాలు. ఎనిమిది మందికైతే ఓటీజీయే మేలు, అంత బరువు పెనంలో తిరగెయ్యడం నా వల్ల కాదు. దీనికోసమని ఓటీజీ కొనమని మాత్రం ఎవరికీ చెప్పను. గాజు గిన్నె ఓటీజీ వరకే, నేరుగా పొయ్యి మీద పెట్టకండి. ఒకటి పగలగొట్టుకున్నాక చెబుతున్నాను.

ఏ దారి పట్టినా దుంప సరిగ్గా లేకపోతే ఏదీ కాపాడదు. పేరులోనే బంగాళా ఉన్న ఈ దుంప మాకు ఇప్పటికీ ఎక్కువగా బెంగాల్ నుంచే లారీల్లో వస్తుంది. 2024లో ఆ రాష్ట్రం లారీలు ఆపినప్పుడు ఒడిశా అంతా ధర ఎగబాకింది. బజారులో జ్యోతి, చంద్రముఖి అని రెండు పేర్లు వినిపిస్తాయి. చంద్రముఖి కాస్త ఖరీదు, త్వరగా ఉడికి పొడిపొడిగా నలుగుతుంది, ఈ వంటకి నా ఓటు దానికే. జ్యోతి కూరకి బాగుంటుంది. కొత్త దుంపలో నీళ్లెక్కువ, పిండి తక్కువ, ముద్ద సాగుతుంది. కోల్డ్ స్టోరేజీ దుంపకి ఇంకో గుణం ఉంది. చలికి దానిలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. అందుకే తియ్యగా అనిపిస్తుంది, త్వరగా నల్లబడుతుంది. వారం పది రోజులు వంటింటి మూల బుట్టలో ఉంచితే ఆ తీపి కొంత తగ్గుతుంది.

కిలో దుంపలు తొక్కతోనే ఉడికించి, వేడిగా ఉండగానే ఒలిచి, ఖాళీ గిన్నెలో రెండు నిమిషాలు పొయ్యి మీద తిప్పి తడి ఆర్చాలి. ముందు 60 గ్రాముల వెన్న, తర్వాత 150 మిల్లీలీటర్ల వేడి పాలు కొంచెం కొంచెంగా. మిక్సీ జోలికి వెళ్లకండి. బ్లేడు దుంపలోని పిండినంతా బయటికి లాగేస్తుంది, గోడకి పోస్టర్ అంటించే జిగురు తయారవుతుంది. పప్పుగుత్తి చాలు.

ఇక చీజ్. మోజరెల్లా సాగుతుంది, మచ్చలు పడుతుంది, కానీ చప్పన. మా ఊళ్లో ఎప్పుడూ దొరకదు, బరంపురం వెళ్లినవాళ్లతో తెప్పించుకోవాలి. అమూల్ లాంటి ప్రాసెస్డ్ చీజ్ కిరాణా కొట్లోనే ఉంటుంది, ఉప్పగా ఉంటుంది, మెత్తగా కరిగి దుంపలో కలిసిపోతుంది, సాగదు. 100 గ్రాముల మోజరెల్లా అడుగున, 50 గ్రాముల ప్రాసెస్డ్ చీజ్ ముద్ద లోపల: నాకు నచ్చిన లెక్క ఇది. ప్యాకెట్ వెన్నలోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి రుచి చూశాకే ఉప్పు వెయ్యండి. పనీరో ఛెనానో తురిమి సరిపెట్టుకుందామంటే కుదరదు. పాలని పులుపుతో విరగ్గొట్టి చేసినవి ఎంత వేడికైనా కరగవు, ఎండిపోతాయి అంతే.

మా అత్తగారి వాటా మాత్రం పాలు పోయకముందే రెండు దుంపలు తీసి పక్కన పెడతాను. ఆవనూనె ఆవిడే వేసుకుంటారు.