రెండు వ్యవసాయ ఫండ్లు, మూడేళ్ల కౌలు

ఆహార, వ్యవసాయ రంగాలలో మదుపు చేయదలచిన వారికి ఒక ఆన్‌లైన్ సంస్థ రెండు పథకాలను పక్కపక్కనే పెట్టి అమ్ముతోంది. మొదటిది తక్కువ భూమితో, తక్కువ కూలీలతో, తక్కువ సమయంలో ఎక్కువ ఉత్పత్తి సాధించే కంపెనీల షేర్లు కొంటుంది. రెండవది సాగుభూమిని నేరుగా కొని, నేల సారాన్ని తిరిగి పెంచే పద్ధతులు పాటిస్తామని ఒప్పుకున్న రైతులకు కౌలుకిస్తుంది. రెండింటిలోనూ నా సొమ్ము కొంత ఉంది. సంస్థ పేరు చెప్పడం లేదు. ఇదే తరహా పథకాలను మరోచోట కొనేవారికి కూడా ఈ పరిశీలన పనికిరావచ్చు.

సేవ విషయానికి వస్తే మొదటి పథకంలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఫీజు తక్కువ, ఏ రోజైనా అమ్ముకోవచ్చు, నివేదికలు వేళకు వస్తాయి. ట్రాక్టర్లు, విత్తనాలు, ఎరువులు, మాంసం శుద్ధి చేసే కంపెనీలే ఇందులో ఎక్కువ. హెక్టారుకు ఎంత దిగుబడి, కిలో మాంసానికి ఎంత దాణా అన్న లెక్కలు స్పష్టంగా ఉంటాయి, వాటిని సరిచూసుకోవడమూ సులువే. చిక్కల్లా ఆ లెక్కల్లోకి రానివాటితోనే. 1970లో అమెరికాలో మొక్కజొన్నకు ఆకు ఎండు తెగులు సోకినప్పుడు దేశం మొత్తం పంటలో దాదాపు 15 శాతం పోయింది. హైబ్రిడ్ విత్తనాల తయారీని చవక చేసినందుకు అత్యధిక పొలాలలో ఒకే రకం మగవంధ్య మూలాన్ని (పనికొచ్చే పుప్పొడి రాని మొక్కల వంశాన్ని) వాడడం, ఆ తెగులుకు ఆ మూలమే లోకువ కావడం దానికి కారణం. 2020 ఏప్రిల్‌లో అదే దేశంలో సూ ఫాల్స్ పట్టణంలోని ఒక్క మాంసం కర్మాగారం కోవిడ్ వల్ల మూతపడితే, దేశపు పంది మాంసం ఉత్పత్తిలో 4 నుంచి 5 శాతం ఆగిపోయింది. ఖర్చు తగ్గించిన ఏర్పాటే ముప్పునంతా ఒకచోట పోగుచేసింది. పథకం పత్రంలో ‘నష్టభయాలు’ అన్న భాగం పేజీల కొద్దీ ఉంది గానీ, ఈ రకం ముప్పు గురించి అందులో ఒక్క వాక్యమూ లేదు.

భవనాల లోపల అరల మీద అరలుగా పంట పెంచే నిట్టనిలువు ఇండోర్ తోటల మీద ఈ పథకానికి ఉన్న మోజు కూడా నాకు మింగుడుపడలేదు. చదరపు మీటరుకు దిగుబడి, లీటరు నీటికి దిగుబడి చూస్తే అవి నిజంగానే అద్భుతాలు. కానీ బయట ఉచితంగా దొరికే ఎండను అక్కడ కరెంటు పెట్టి కొనుక్కోవాలి. ఈ రంగంలో పేరుమోసిన ఏరోఫార్మ్స్ 2023 జూన్‌లో దివాలా రక్షణ కోరింది. ఏ వనరు కొరతగా ఉందో తేల్చుకోకుండా సామర్థ్యాన్ని కొలిస్తే ఇలాగే ఉంటుంది.

రెండవ పథకం మీదే నాకు ఆశ ఎక్కువ, అసంతృప్తీ ఎక్కువే. దుక్కి తగ్గించడం, పంట కోశాక నేలను ఖాళీగా వదలకుండా కప్పుడు పంటలు వేయడం, పంట మార్పిడి, పశువులను పొలంలోకి తిరిగి తేవడం — ఈ ఆలోచనలో లోపం లేదు. నివేదికలు మాత్రం వానపాముల ఫొటోలతో కళకళలాడుతూ, అంకెల దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గిస్తాయి. నేలలో సేంద్రియ కర్బనం పెరిగిందని రాసినచోట కింద చిన్న అక్షరాలలో, మట్టి నమూనాలు పై 15 సెంటీమీటర్ల నుంచే తీసినట్టు ఉంది. దుక్కి మానేసిన పొలంలో కర్బనం పై పొరలో చేరి, అడుగున తగ్గే అవకాశం ఉంది కనుక, కనీసం 30 సెంటీమీటర్ల లోతు వరకు, నేల సాంద్రతతో సహా కొలవనిదే మొత్తం పెరిగిందో లేదో చెప్పలేము. ఇలా నేలను తిరిగి బాగుచేసే సాగుకు వాడే ‘రీజెనరేటివ్’ అనే మాటకు అందరూ ఒప్పుకున్న నిర్వచనం లేకపోవడం అమ్మేవారికి అనుకూలమే.

అయితే కొలతల కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది కౌలు ఒప్పందం. అడిగితే నమూనా ప్రతి పంపారు. ఆ మేరకు మెచ్చుకోవాలి. కౌలు గడువు మూడేళ్లు. కౌలు నగదు రూపంలో, పంట పండినా ఎండినా మారని మొత్తం. పద్ధతి మార్చిన తొలి కొన్నేళ్లు దిగుబడి తగ్గవచ్చని, నేలలో మార్పు కనిపించడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుందని ఇదే పథకం ప్రచార పత్రం చెబుతోంది. అంటే, నష్టపు ఏళ్లు రైతువి, నేల బాగుపడ్డాక పెరిగే భూమి విలువ మావి. గడువు తీరాక కౌలు పొడిగిస్తారన్న హామీ లేని రైతు మూడో ఏడు కప్పుడు పంట విత్తనం ఎందుకు కొంటాడు? ఈ మాటే రాసి అడిగితే, సాధారణంగా పొడిగిస్తూనే ఉంటామని మర్యాదగా జవాబిచ్చారు. సాధారణంగా చేసేదాన్ని ఒప్పందంలో రాయడానికి అభ్యంతరమేమిటో మాత్రం చెప్పలేదు.

మార్పు భారాన్ని రైతు నెత్తిన వేస్తే ఏమవుతుందో 2021లో శ్రీలంకలో చూశాము. సేంద్రియ సాగుకు మారాలంటూ రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించిన ప్రభుత్వం, కొన్ని నెలలకే, నవంబరులో వెనక్కి తగ్గవలసి వచ్చింది. అది సేంద్రియ సాగు ఓటమి అని మొదటి పథకం అభిమానులు అంటారు. పాత పద్ధతి నుంచి కొత్తదానికి మారే మధ్యకాలానికి డబ్బు, వ్యవధి ఇవ్వకపోవడమే అక్కడి అసలు తప్పు అని నా అభిప్రాయం. ఈ ఫండు కౌలు పత్రంలోనూ నాకు ఆ తప్పే కనిపిస్తోంది.

కాబట్టి మొదటి పథకంలోని సొమ్మును కదపలేదు, కొత్తగా వేయనూ లేదు. చెప్పిన పని అది చేస్తోంది, చెప్పనిదాన్ని లెక్కలో పట్టుకుని కొనుక్కోవాలి. రెండవదానికి సొమ్మును ఏళ్ల తరబడి కట్టిపడేసే లాక్-ఇన్ ఉంది, ఫీజూ ఎక్కువే. కౌలు గడువు కనీసం లాక్-ఇన్ అంత ఉండి, తొలి ఏళ్లలో పంట తగ్గితే కౌలూ తగ్గే నిబంధన చేరేదాకా అందులో అదనంగా వేయను. కొనదలచిన వారు వార్షిక నివేదిక కంటే ముందు కౌలు ఒప్పందం నమూనా అడిగి తెప్పించుకోండి. ఈ సంస్థ రెండు రోజుల్లోనే పంపుతుంది.