థీసిస్ షాపు: బైండింగ్‌కి ఢోకా లేదు, స్కేలు మాత్రం మీరే చూసుకోండి

పదిహేనేళ్లు కృషి విజ్ఞాన కేంద్రం(కేవీకే)లోనో వ్యవసాయ పాలిటెక్నిక్‌లోనో పాఠాలు చెప్పి, ఇప్పుడు వ్యవసాయ విస్తరణ విద్యలో (పరిశోధనను రైతుల దగ్గరికి చేర్చే చదువు) మళ్లీ విద్యార్థిగా చేరినవాళ్లకు తిరుపతిలో ముందుగా తెలియాల్సింది ఒక నమ్మకమైన థీసిస్ షాపు. భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) ప్రస్తుత పాఠ్యప్రణాళికలో పీహెచ్‌డీకి 100 క్రెడిట్లయితే అందులో 75 థీసిస్‌వే. ఎమ్మెస్సీకి 70లో 30. క్లాసులు ఎలాగో గట్టెక్కుతాయి. సెలవు అయిపోయి డ్యూటీలో చేరాక, ఆదివారాల్లో కూర్చుని చేసుకోవాల్సింది థీసిస్ పనే. ఎస్వీయూ చుట్టుపక్కల ఉన్న ఈ షాపును ఆ అవసరం కొద్దీ చూసి రాస్తున్నది ఇది. టైపింగ్, జిరాక్స్, డేటా ఎంట్రీ, బైండింగ్ అన్నీ ఒకేచోట. ఐదుకు మూడున్నర ఇవ్వొచ్చు.

తెలుగు టైపింగ్ బాగుంది. ఇంటర్వ్యూ షెడ్యూల్‌ను, అంటే రైతులను అడిగే ప్రశ్నల ఫారాన్ని, యూనికోడ్‌లో కొట్టమంటే కొడతారు. అడక్కపోతే అలవాటు కొద్దీ యూనికోడ్ కాని 'అను' ఫాంట్‌లో కొట్టేస్తారు; ఆ ఫైలు మీ లాప్‌టాప్‌లో తెరిస్తే అక్షరాల బదులు పిచ్చిగీతలు కనిపిస్తాయి, అనుబంధంలో అతికించుకోవడానికి పనికిరాదు. కాబట్టి మొదటిరోజే చెప్పండి. వర్డ్ ఫైలుతోపాటు పీడీఎఫ్ కూడా తీసుకోండి.

ప్రూఫు చూడటం మాత్రం వాళ్ల పని కాదు, మీ పని. వేరుశనగకు ఎకరాకు 200 కిలోల జిప్సం అనే సరైన జవాబులో ఒక సున్నా ఎగిరిపోతే, తెలిసిన రైతుకే సున్నా మార్కు పడుతుంది. షెడ్యూల్లో ఎకరాలు, థీసిస్‌లో హెక్టార్లు ఉంటాయి గనుక 'ఎకరా' అన్న మాటను ఒక్క దెబ్బకు 'హెక్టారు' చేసేయమని ఆపరేటర్‌కు చెప్పకండి. మాట మారుతుంది, 200 మాత్రం అలాగే ఉంటుంది. హెక్టారుకు రావాల్సింది 500. ఇంకోటి, చిత్తూరు పల్లెల్లో 'వేరుశనగ' అని చదివితే రైతు ఒక్క క్షణం ఆగుతాడు. పక్కన 'చెనిక్కాయ' అని కూడా కొట్టించండి.

అసలు ప్రమాదం వైఖరి స్కేలు (ఒక విషయం మీద రైతు అభిప్రాయాన్ని అంకెల్లో కొలిచేది) దగ్గర. ప్రకృతి సేద్యం మీద ఐదు మెట్ల స్కేలు అనుకుందాం. 'ప్రకృతి సేద్యంతో నేల బాగుపడుతుంది' అన్న వాక్యానికి పూర్తిగా అంగీకరిస్తే 5, అసలు ఒప్పుకోకపోతే 1. 'రసాయన ఎరువు లేకుండా పంట పండదు' అన్న వాక్యానికి అదే తిరగబడి 1 నుంచి 5. ఈ షాపులో ఆపరేటర్ చెయ్యి శుభ్రమైంది, మరీ శుభ్రమైంది. మధ్యలో ఒక వరుస తిరగబడి ఉంటే పొరపాటనుకుని అన్నీ 5, 4, 3, 2, 1గా సర్దేస్తాడు. అడిగితే "నీట్‌గా ఉంటాది గదా సార్" అంటాడు. అలా అచ్చయిన ఫారాలతో మార్కులు కూడితే ప్రకృతి సేద్యాన్ని గట్టిగా నమ్మినవాడూ గట్టిగా కాదన్నవాడూ ఇద్దరూ మధ్యలోకి వచ్చి పడతారు. చివరికి పట్టికలో అందరూ 'మధ్యస్థ' వర్గమే. దీనికి మందు సులువు: ఫారంలో అంకెలే వేయించకండి, టిక్కు పెట్టే గడులు చాలు. ఎంట్రీ అంతా ఒకే తీరున చేసి, వ్యతిరేక వాక్యాల మార్కును తర్వాత ఎక్సెల్‌లో 6లోంచి తీసేస్తే సరిపోతుంది.

ఫారాల లెక్క కూడా ముందే వేసుకోండి. నాలుగు మండలాలు, మండలానికి మూడు ఊళ్లు, ఊరికి పదిమంది అంటే 120 మంది. ఎనిమిది పేజీల షెడ్యూల్ రెండువైపులా అచ్చేస్తే 480 కాగితాలు, అంటే 500 కాగితాల రీములో 20 మిగులుతాయి. ముందుగా పరీక్షించి చూసే ఫారాలకు ఆ మిగులు సరిపోదు, వాటిని వేరేగా తీయించాలి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితం మీద పెన్నుతో రాస్తే వెనక్కి కనిపిస్తుంది, 80 అడగండి.

డేటా ఎంట్రీ వేగంగానే చేస్తారు, కానీ జవాబు రాని గడిలో సున్నా కొట్టే అలవాటుంది. ఖాళీ వేరు, సున్నా వేరు. సున్నాలు సగటును కిందికి లాగేస్తాయి. ఖాళీగా వదలమని కాగితం మీద రాసివ్వండి. పది ఫారాలు ఏరి, గడి గడీ సరిచూడండి. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో పట్టికలు కూడా ఇక్కడే తీసిస్తారు. రెండు అంశాలకు ఎంత సంబంధముందో చెప్పే సహసంబంధ గుణకం, 120 మందికైతే 5 శాతం స్థాయిలో సుమారు 0.18, 1 శాతం స్థాయిలో 0.234 దాటితేనే, అది కాకతాళీయం కాదని చూపే నక్షత్రం పడాలి. అంతకన్నా చిన్న అంకె పక్కన నక్షత్రం కనిపిస్తే పాత థీసిస్ పట్టికను తెచ్చి అంకెలు మార్చారేమోనని అనుమానించండి.

'సిమిలారిటీ (ఇతరుల రాతలతో పోలిక శాతం) తగ్గించబడును' అని గోడ మీద కాగితం అంటించారు. దాని జోలికి పోకండి. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా ఇబ్బంది లేదు, గ్రంథసూచి దాంట్లోకి రాదు. వాళ్లు తగ్గించేది సాఫ్ట్‌వేర్‌తో మాటలు తిప్పి. యాదృచ్ఛిక నమూనా కాస్తా ఇంగ్లిష్‌లో ఏదో వింత పదమై కూర్చుంటుంది, పరీక్షకుడు అక్కడే పట్టేస్తాడు. పైగా పోలిక చూసే సాఫ్ట్‌వేర్‌లో బయటి ఖాతా నుంచి ఎక్కించిన డ్రాఫ్ట్ దాని భాండాగారంలో ఉండిపోతే, రేపు లైబ్రరీ వాళ్లు చేసే అసలు పరీక్షలో మీ థీసిస్ మీ థీసిస్‌కే నకలుగా తేలుతుంది.

ఇక బైండింగ్. ఈ షాపుకు పేరు తెచ్చింది ఇదే. జిగురుతో సరిపెట్టకుండా దారంతో కుట్టి రెక్సిన్ వేస్తారు, బంగారు అక్షరాలు నిలువునా వంకర లేకుండా పడతాయి. కుట్టు కోసం ఎడమవైపు అంగుళంన్నర వదలాలి. అంచులు కోసేటప్పుడు కొన్ని మిల్లీమీటర్లు పోతాయి, పేజీ అంకె మరీ అంచున ఉంటే దాంతోపాటే పోతుంది. అడ్డంగా ఉన్న పట్టికల తల కుట్టు వైపు ఉండాలి. ఇక్కడ తరచూ తిరగేసి పెడతారు, కుట్టకముందే చూసుకోండి. వానాకాలంలో రెండు రోజులు బరువు కింద ఉంచనివ్వండి, లేకుంటే అట్ట వంగుతుంది. వైవా కాకముందు గట్టి అట్ట వేయించకండి. పరీక్షకుడు చెప్పిన సవరణలతో మళ్లీ మొత్తం తీయాల్సి వస్తుంది, అప్పటిదాకా స్పైరల్ చాలు.

ధరల బోర్డు లేదు, మార్కు కోసింది ప్రధానంగా అందుకే. సవరణ పేజీకి మళ్లీ డబ్బు తీసుకుంటారో లేదో ముందే మాట్లాడుకోండి. బ్రహ్మోత్సవాల వారంలో పని ఇవ్వకండి, చెప్పిన రోజుకు అందదు. కాపీలు తీసుకునేటప్పుడు ఒక్కోదాన్నీ తెరిచి, గైడు సంతకం ఉన్న సర్టిఫికెట్ ఒరిజినలా జిరాక్సా చూడండి. రెండు కాపీల్లో జిరాక్స్ పెట్టి, ఒరిజినళ్లను టేబుల్ సొరుగులో మరిచిపోయిన సందర్భాలున్నాయి.