తొట్లకొండ వాననీటి లెక్కలకు క్యూజీఐఎస్: ఏళ్ల తరబడి వాడాక

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రానికి ఎదురుగా 128 మీటర్ల కొండ మీద తొట్లకొండ బౌద్ధారామం ఉంది. రెండు వేల ఏళ్ల కిందట అక్కడి భిక్షువులు బండను తొలిచి తొట్లు చేసి, వాన నీళ్లు పట్టుకునేవారు. ఏ వాలు నీళ్లు ఏ తొట్టికి చేరేవో తెలుసుకోవడానికి కొన్నేళ్లుగా క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. నీరు ఎటు పారుతుందో లెక్కగట్టడం నేర్పే పాఠాలు దాదాపు అన్నీ 'ఫిల్ సింక్స్' అనే పనిముట్టుతో మొదలవుతాయి. నేల నమూనా (ఒక్కో చోటి ఎత్తు చూపే మ్యాపు)లోని గుంటలన్నీ పూడ్చేసి, నీరు ఎక్కడా ఆగకుండా కిందికి పోయేలా చేస్తుందది. నదుల మీద పనిచేసేవాళ్లకు మంచిదే, అక్కడ చాలా గుంటలు డేటా లోపాలే. ఆరామంలో అసలు వెతికేదే గుంట! అందుకే పూడ్చకముందు, పూడ్చాక రెండు నమూనాలూ ఉంచుకుంటాను. మ్యాపులను పిక్సెల్ పిక్సెల్‌గా కూడి, తీసేసే రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో రెండో దాంట్లోంచి మొదటిది తీసేస్తే ఒక్కో తొట్టి లోతు తేలుతుంది. పిక్సెల్ వైశాల్యంతో గుణించి కలిపితే ఎంత నీరు పట్టేదో వచ్చేస్తుంది. ఖాళీ బండ మీద తొట్లు ఒక్కొక్కటే నీలంగా తేలడం చూస్తే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఉచితంగా దొరికే కోపర్నికస్ ఉపగ్రహ ఎత్తుల డేటా దీనికి పనికిరాదు. ఒక్కో పిక్సెల్ సుమారు 30 మీటర్లు, పైగా చెట్ల తలలు కూడా నేలతో కలిసిపోతాయి. అది కొండ మొత్తం వాలు చూడటానికే. తొట్టి నమూనా కావాలంటే అనుమతి తీసుకుని, చుట్టూ తిరిగి ఫొటోలు తీసి, ఫొటోలను త్రీడీగా మార్చే మెష్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ చేసుకోవాలి. అదీ ఉచితమే, కానీ పూర్తి వివరాలు రావాలంటే కంప్యూటర్‌లో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. ఎండాకాలంలోనే వెళ్లండి: నీళ్లుంటే ఫొటోలో మెరుపే పడుతుంది, అడుగు పడదు. అడుగున మట్టి పేరుకుంటే ఆ మేరకు లోతు తగ్గినట్టే.

వాన లెక్క తేలిక. వంద చదరపు మీటర్ల బండ మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే, ఇంకింది ఆవిరైంది పోను, మహా అయితే 1000 లీటర్లు. చిక్కంతా విహారాల కప్పులతోనే. తవ్వకాల్లో పెంకులు దొరికాయి గానీ కప్పు ఎటు వాలేదో పునాదులు చెప్పవు. వాలు మారిస్తే నిండే తొట్టి కూడా మారిపోతుంది. అందుకే ఎవరడిగినా రెండు రకాల వాలుతో గీసిన మ్యాపులూ పక్కపక్కన పెట్టి, ఊహించి గీసిన కప్పును వేరే రంగులో చూపిస్తాను.