పాత లారీ మిస్సింగ్: పైపు నట్టు వదిలి చూడాలా, నాజిళ్లన్నీ విప్పాలా?

ఒక సిలిండర్ సరిగ్గా మండకపోవడమే మిస్సింగ్. యాక్సిలరేటర్ తొక్కకుండా స్లోలో ఉన్నప్పుడు బండి ఊగుతూ టక్ టక్ అని కొట్టుకుంటుంటే చాలామంది వెంటనే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఆరు నాజిళ్లూ విప్పి, వాటిని టెస్ట్ చేసే డీజిల్ పంపు షాపుకి పంపేస్తారు. నేనైతే ముందు డీజిల్ లైన్‌లో చేరిన ఎయిర్ తీసి, డీజిల్ ఫిల్టర్ చూసి, అప్పటికీ తగ్గకపోతే పైపు నట్టు పద్ధతే పట్టుకుంటాను.

ఇంజిన్ స్లోలో ఉండగా నాజిల్ పైపు నట్లు ఒక్కొక్కటే కొంచెం వదిలి బిగించాలి. బాగున్న సిలిండర్ దగ్గర వదిలితే శబ్దం మారి ఇంజిన్ ఇంకా కుంగుతుంది, ఏ తేడా రాకపోతే మిస్సింగ్ అక్కడే. ఆ నాజిల్‌ని పక్క సిలిండర్‌కి మార్చండి. తప్పు దాని వెంట వెళ్తే నాజిలే పోయింది, వెళ్లకపోతే టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుడు), పంపు ఎలిమెంట్ (ఆ సిలిండర్‌కి డీజిల్ నెట్టే పంపులోని భాగం) చూడాలి. ఖర్చు దాదాపు లేదు, కొత్త వాషర్లు మాత్రం వేయాలి.

షాపులో టెస్టింగ్ వల్ల లాభం వేరు: ఏ ప్రెషర్‌కి తెరుచుకుంటోంది, స్ప్రే మంచులా పడుతోందా, చుక్కలు కారుతోందా అన్నది అక్కడే తెలుస్తుంది. కానీ వాల్వు కాలితే అక్కడ ఎవరూ చెప్పలేరు, డబ్బులు పోయి మిస్సింగ్ అలాగే ఉంటుంది.

దయచేసి ఒక్కటి వినండి, ఈ నట్టు వదిలే పని పాత మెకానికల్ పంపు బండ్లకే. కామన్ రైల్ బండిలో, అంటే అన్ని నాజిళ్లకీ ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందే కొత్త రకంలో, ప్రెషర్ 1000 బార్ దాటుతుంది, ఆ డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పాత బండికైనా నట్టు మీద గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకునే చేయండి.