గలీసియా నుంచి పోర్టో దాకా: చేపల రెస్టారెంట్లు, వైన్ జాబితాలు

స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న గలీసియాకు చాలామంది సాంతియాగో దె కొంపొస్తేలా చర్చి కోసం వెళ్తారు, కొందరైతే వందల కిలోమీటర్లు నడిచి మరీ. మేమిద్దరం వెళ్లింది పీతలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్ తినడానికి. కంబాడోస్, వీగో, ఆపైన సరిహద్దు దాటి పోర్చుగల్‌లోని పోర్టో. బసల గురించి, రైళ్ల గురించి కూడా చెబుతాను కానీ, దారి పొడవునా నేను అన్నిటికంటే శ్రద్ధగా చదివింది రెస్టారెంట్ల వైన్ జాబితాలు. తన వంట మీద యజమానికి ఎంత ధ్యాస ఉందో అవి దాచలేవు. జాబితా లావుగా ఉందా, సన్నగా ఉందా అన్నది నేను పట్టించుకోను. ఈ వంటగదిలో వండే చేపను తలచుకుని ఎవరైనా దీన్ని రాశారా లేదా అన్నదే చూస్తాను.

కంబాడోస్‌కు రైలు లేదు. పొంతెవేద్ర నుంచి బస్సులో వెళ్లాం. ఊరి చుట్టూ రాతి స్తంభాల మీద పందిళ్లు, వాటి మీద ద్రాక్ష తీగలు. సముద్రపు తేమకు కాయ కుళ్లిపోకుండా కింది నుంచి గాలి ఆడాలని అంత ఎత్తున పాకిస్తారు. ఇది వైట్ వైన్ తీసే ఆల్బరీన్యో ద్రాక్ష సీమ. రియాస్ బైషాస్ అనే పేరుతో ఈ ప్రాంతపు వైన్‌కు 1988లో అధికారిక గుర్తింపు వచ్చింది. అందులో ఐదు ఉపప్రాంతాలున్నాయి. కంబాడోస్ ఉన్నది సల్నేస్ లోయలో, సముద్రానికి బాగా దగ్గర. ఇక్కడి వైన్‌లో పులుపు చురుగ్గా ఉంటుంది. దక్షిణాన, లోపలికి ఉన్న కొందాదొ దొ తేయాలో ఎండ ఎక్కువ, వైన్ కాస్త నిండుగా ఉంటుంది.

మేము మధ్యాహ్నం తిన్న చోట జాబితా ఒకే ఒక కాగితం. రెండు వైపులా కలిపి ఇరవై పేర్లకు మించవు. కానీ ప్రతి పేరు పక్కనా ఏ ఉపప్రాంతమో, ఏ ఏటి పంటో రాసి ఉంది. ఒక చోట 2022 కొట్టేసి పక్కన నీలి పెన్నుతో 2023 అని దిద్దారు. పాత పంట అయిపోయి కొత్తది వచ్చిన రోజే ఎవరో గుర్తు పెట్టుకుని దిద్దిన దిద్దుబాటది. అది చూడగానే ఇక్కడ ధైర్యంగా తినొచ్చనిపించింది. మామూలు ఆల్బరీన్యోలు ఒక వరుసలో, పులిసిన తర్వాత అడుగున చేరే ఈస్టు మడ్డి మీదే కొన్ని నెలలు ఉంచినవి మరో వరుసలో పెట్టారు. మొదటివి ఆవిరికి ఉడికించిన ఆల్చిప్పలకు, రెండోవి సాస్‌తో వండిన చేపకు అని వడ్డించే ఆవిడ రెండు ముక్కల్లో చెప్పేసింది. మంగలి కత్తి పిడిలా పొడవుగా ఉండే నవాహాస్ అనే ఆల్చిప్పలు తెప్పించుకున్నాం. పెనం మీద కాల్చి నూనె, నిమ్మరసం వేశారు, అంతే. ఆల్బరీన్యోలో ఉన్న పులుపుకు ఆ నిమ్మకాయ కూడా అక్కర్లేదనిపించింది.

వీగోలో కథ వేరు. హార్బరు కనిపించే పెద్ద అద్దాల రెస్టారెంటు, తోలు అట్ట వేసిన పుస్తకంలాంటి జాబితా. తెరిస్తే సగానికి పైగా రియోహా, రిబేర దెల్ దువేరో రెడ్ వైన్లే. నాలుగు అడుగులు వేస్తే చేపల రేవు ఉన్న ఊళ్లో, చేపలు తప్ప వేరే వండని చోట! ఆల్బరీన్యో మూడే రకాలు, మూడూ ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా దొరికే పెద్ద కంపెనీలవే. ఏ ఏటి పంటో ఒక్కదానికీ రాయలేదు. ఎక్కువ భాగం ఆల్బరీన్యో లేతగా ఉన్నప్పుడే తాగాలి. ఏ ఏటిదో రాయకుండా అమ్ముతున్నారంటే గోదాములో మిగిలిపోయింది మన బల్ల మీదికి వస్తోందని అనుమానించాల్సిందే. అడిగితే వడ్డించే కుర్రవాడు సీసా తెచ్చి చూపించాడు, పాపం. నాలుగేళ్ల కిందటి పంట. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. తర్వాత మంచు నిండిన బకెట్‌లో మెడ దాకా ముంచి వదిలేశారు. వైట్ వైన్‌కు 8 నుంచి 12 డిగ్రీల మధ్య చల్లదనం చాలు. అంతకంటే గడ్డకట్టించారంటే వాసన పోతుంది, రుచి పోతుంది, మిగిలేది పులుపు ఒక్కటే. నాసి రకం వైన్ అమ్మేవాళ్లకు మాత్రం అదే సౌకర్యం.

మా వారికి రెడ్ వైనే ఇష్టం. జాబితాలో అన్ని రకాలు కనిపిస్తుంటే ఆయన ఆగలేదు, వియేరాస్ అనే స్కాలప్‌లతో (ఇవీ ఒక రకం ఆల్చిప్పలే) ఒక గ్లాసు రియోహా చెప్పారు. రెండు గుక్కలు తాగి మొహం అదోలా పెట్టారు. నోరంతా నీచు వాసన. తప్పు స్కాలప్‌లది కాదు, నేను తిన్నవీ అవే, శుభ్రంగా ఉన్నాయి. దీని గుట్టు జపాన్‌లోని మెర్సియన్ అనే వైన్ కంపెనీ పరిశోధకులు 2009లో బయటపెట్టారు. పదుల కొద్దీ రెడ్, వైట్ వైన్లను స్కాలప్‌లతో కలిపి రుచి చూసి, వైన్‌లోని ఇనుమే నీచు రుచిని రేపుతోందని తేల్చారు. లీటరుకు 2 మిల్లీగ్రాములు దాటిన వాటిలో అది బాగా తెలిసింది. ఇనుము పాళ్లు రెడ్ వైన్లలోనే ఎక్కువగా కనిపిస్తాయి కానీ అన్నిట్లోనూ కాదు. అంటే చేపకు రెడ్ వైన్ పనికిరాదని గుడ్డిగా అనలేం. ఏది పనికొస్తుందో తెలిసిన మనిషి జాబితా రాయాలి. ఆ తోలు పుస్తకంలో అలాంటి మనిషి జాడ లేదు.

అలాంటి మనిషి ఉన్న చోట ఎలా ఉంటుందో అదే ఊళ్లో మర్నాడు చూశాం. ఆక్టోపస్ మాత్రమే వండే ఒక పుల్పెరీయా. చెక్క పళ్లెంలో కత్తెరతో కోసిన ఆక్టోపస్ ముక్కలు, పైన ఆలివ్ నూనె, రాళ్ల ఉప్పు, ఎర్రటి మిరప పొడి. ఇక్కడ అసలు జాబితాయే లేదు. వైట్ కావాలా, రెడ్ కావాలా అని మాత్రం అడిగారు. తెల్లటి పింగాణీ గిన్నెల్లో పోసిచ్చిన రెడ్ వైన్ మెన్సీయా ద్రాక్షది. పెద్దగా వగరు లేదు, కాస్త చల్లగా ఉంది. గలీసియాలో ఆక్టోపస్‌తో రెడ్ వైన్ తాగడం పాత అలవాటే, నూనె, మిరప పొడి పడ్డ ఆ ముక్కలకు అది చక్కగా కుదిరింది. మా వారు రెండో గిన్నె అడిగి నా వైపు గర్వంగా చూశారు. జాబితా లేని ఈ చోటుకు తోలు అట్ట హోటలు కంటే ఎక్కువ మార్కులు వేయక తప్పలేదు.

డబ్బు సంగతి. కంబాడోస్‌లో షాపులో 12 యూరోలున్న సీసా బల్ల మీదికి వచ్చేసరికి 20. దాంతో నాకు పేచీ లేదు. గ్లాసులు కడగాలి, చల్లబరచాలి, వడ్డించాలి. వీగోలో అలాంటి సీసాకే 34 వేశారు. అయితే ధర కంటే ముందు నేను చూసేది గ్లాసు లెక్కన ఎన్ని రకాలు ఇస్తారన్నది. 750 మిల్లీలీటర్ల సీసా ఇద్దరికి మధ్యాహ్నం పూట ఎక్కువే. పైగా మొదట ఆయిస్టర్లు, తర్వాత కాల్చిన చేప తినేవాళ్లకు రెండింటికీ ఒకే వైన్ సరిపోదు. మూడు నాలుగు వైట్ వైన్లు గ్లాసులో ఇచ్చే చోట నేను నిశ్చింతగా కూర్చుంటాను. సీసా ఎప్పుడు తెరిచారని కూడా అడుగుతాను, మొహమాటం లేకుండా. కంబాడోస్ ఆవిడ "ఈ పొద్దున" అని సీసా వాసన చూపించింది. వీగోలో గ్లాసు లెక్కన దొరికే వైట్ ఒక్కటే, ఎప్పుడు తెరిచారో ఎవరికీ తెలియదు.

బసల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కంబాడోస్‌లో పాత రాతి ఇంట్లో గది, నిశ్శబ్దం, ఉదయం మంచి రొట్టె. వీగోలో స్టేషన్ దగ్గరి హోటలు శుభ్రంగా ఉంది కానీ రాత్రంతా చెత్త బండ్ల చప్పుడు. ఒక హెచ్చరిక మాత్రం: మధ్యాహ్నం భోజనం ఒంటిగంటన్నర తర్వాతే, రాత్రి భోజనం తొమ్మిదికి అటూ ఇటూ. మధ్యలో ఆకలేస్తే వంటగది మూసి ఉంటుంది, బతిమాలినా తెరవరు.

వీగో నుంచి పోర్టోకు సెల్తా అనే రైలుంది, రెండు గంటలకు పైగా పడుతుంది. మీన్యు నది దాటగానే గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి, ఆ రోజు మాకు భోజనానికి ముందు ఒక గంట కలిసొచ్చింది. పోర్టో నుంచి మెట్రోలో మతుజీన్యుష్ వెళ్తే, రేవుకు దగ్గరి వీధుల్లో రెస్టారెంట్ల ముందే బొగ్గుల పొయ్యిలు పెట్టి చేపలు కాలుస్తుంటారు. వేసవిలో సార్డీన్లు కొవ్వు పట్టి ఉంటాయి, పొగకు కళ్లు మండుతాయి, ఎవరూ లెక్కచేయరు. కూర్చోగానే రొట్టె, ఆలివ్ కాయలు, చీజ్ తెచ్చి బల్ల మీద పెట్టారు. అవి ఉచితం కావు. ముట్టుకుంటే బిల్లులో వేస్తారు, వద్దంటే మారు మాట లేకుండా తీసుకెళ్తారు.

మేము కూర్చున్న చోట జాబితా అర పేజీ, అందులో సగం ఉత్తర పోర్చుగల్‌లోని వీన్యు వెర్ద్ ప్రాంతపు వైన్లు. 1908లో హద్దులు గీసిన ఈ ప్రాంతంలో వైన్లు ఎక్కువగా తేలికగా, పుల్లగా ఉంటాయి, కొన్నిట్లో నాలుక మీద సన్నటి బుడగలు కూడా తగులుతాయి. నది ఒడ్డున, గలీసియా సరిహద్దులో ఉన్న మొన్సావ్, మెల్గాసు ప్రాంతపు అల్వరీన్యు రెండు రకాలు ఉన్నాయి. ద్రాక్ష ఆల్బరీన్యోయే, నదికి ఆవలి ఒడ్డుది. పక్క బల్ల వాళ్లను చూసి మేమూ కూజాలో పోసిచ్చే హౌస్ వైన్ చెప్పాం. కొవ్వు కారే సార్డీన్లకు అల్వరీన్యు కంటే ఆ కూజా వైనే బాగా నప్పింది. బుడగలు, పులుపు కలిసి ప్రతి ముద్దకూ నోరు శుభ్రం చేశాయి. అల్వరీన్యును తర్వాత వచ్చిన కాల్చిన టర్బట్ చేపకు దాచుకోమని చెప్పింది వడ్డించే పెద్దాయనే. ఖరీదైనది వెంటనే అంటగట్టకుండా చవకదానితో మొదలుపెట్టించాడు. ఏ ఏటి పంటో ఇక్కడా రాయలేదు, అర మార్కు తగ్గించాను.

మళ్లీ వెళ్తే వీగోలో ఒక్క పుల్పెరీయాకు తప్ప ఆగను, కంబాడోస్‌లో ఇంకో రెండు రాత్రులు ఉంటాను. మతుజీన్యుష్‌కు మాత్రం సోమవారం వెళ్లొద్దు. ఆదివారం పడవలు పెద్దగా వేటకు వెళ్లవు, మర్నాడు చాలా చోట్ల తలుపులు మూసే ఉంటాయి.